పది లక్షల గుడ్లు, గుప్పెడు పీతలు

ఆదివారం పొద్దున రాంనగర్ చేపల మార్కెట్‌లో పీతలు అమ్మే చోట కాసేపు నిలబడి చూడండి. అమ్మే ఆమె పీతను వెల్లకిలా తిప్పి, కాళ్ల మొదళ్ల దగ్గర పెంకును బొటనవేలితో గట్టిగా నొక్కుతుంది. పెంకు లొంగితే దాన్ని పక్కన పెడుతుంది. లొంగకపోతే "ఇది గట్టిది, తీసుకోండమ్మా" అంటూ తక్కెడలో వేస్తుంది. పక్కన పెట్టిన పీత, తక్కెడలో పడ్డ పీత ఒకే సైజులో ఉంటాయి. రెండూ బతికే ఉంటాయి. కానీ ఆ లొంగిన పీతను ఇంటికి తెచ్చి వండితే పులుసులో డొల్ల మిగులుతుంది. కండ ఉండాల్సిన చోట నీళ్లుంటాయి.

అందులో మోసం లేదు, పాత సరుకూ కాదు. ఆ పీత ఈమధ్యే తన పాత పెంకును వదిలి కొత్తది తొడుక్కుంది, అంతే. పీతల శాస్త్రంలోనూ, పీతల పెంపకంలోనూ ఉన్న చిక్కుముళ్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క సంగతి దగ్గరే ముడిపడి ఉన్నాయి. రొయ్యల చెరువులతో తీరమంతా నిండిపోయినా పీత ఇప్పటికీ ప్రధానంగా సముద్రం నుంచే, మడ అడవుల నుంచే ఎందుకు వస్తోంది? ఒక్క తల్లి లక్షల గుడ్లు పెట్టే జీవికి పిల్లల కొరత ఎలా వచ్చింది? జవాబు కోసం ఆ బొటనవేలి కింద లొంగిన పెంకు దగ్గరి నుంచే మొదలుపెట్టాలి.

మన ఎముకలు మనతోపాటు పెరుగుతాయి. పీత పెంకు పెరగదు. లోపలి శరీరం ఎదగాలంటే పెంకును విప్పి పారేయాల్సిందే. పాము కుబుసం విడిచినట్టే ఇదీ. జీవశాస్త్ర పాఠాల్లో దీన్ని నిర్మోచనం అంటారు. అయితే పాము విడిచేది పైపొర మాత్రమే. పీత మాత్రం కాళ్లు, కళ్లు, మొప్పల పైపొర, చివరికి జీర్ణాశయం లోపలి పళ్ల వంటి భాగాల తొడుగుతో సహా బయటికి జారుకుంటుంది. పెంకు వెనక అంచున చీలుతుంది, ఆ సందులోంచి పీత వెనక్కి నడుస్తున్నట్టుగా బయటపడుతుంది. వదిలిన పెంకు చూస్తే చచ్చిన పీతే అనిపించేంత పూర్తిగా ఉంటుంది.

బయటపడిన వెంటనే అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. మెత్తటి కొత్త పెంకు ఆ ఒత్తిడికి సాగుతుంది, సాగిన కొలతలోనే గట్టిపడుతుంది. ఇలా ఒక్క రాత్రిలో పీత వెడల్పు ఐదో వంతో, నాలుగో వంతో పెరుగుతుంది. కానీ పెరిగింది ఇల్లు మాత్రమే, లోపల ఉన్నది నీరు. ఆ నీటి స్థానంలో కండ చేరడానికి వారాలు పడుతుంది. మార్కెట్‌లో లొంగిన పీత ఆ వారాల్లో వలకు చిక్కినది. అమావాస్య పీతకు కండ ఎక్కువ, పున్నమి పీత డొల్ల అని తీరంలో చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకాన్ని ప్రతి పీతకూ వర్తింపజేయలేం గానీ, వాళ్లు గమనించిన తేడా మాత్రం నిజమైనదే. డొల్ల పీత అంటే పెంకు మార్చుకున్న పీత.

ఇంతకీ మనం పీత అంటున్నది ఏ పీత? హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లకు పీత అనగానే వరి గట్ల ఎండ్రకాయ గుర్తుకొస్తుంది. దాని కథ పూర్తిగా వేరు. మంచినీటి ఎండ్రకాయ తక్కువ గుడ్లే పెడుతుంది, వాటిలోంచి నేరుగా చిన్న చిన్న పీతలే వస్తాయి, కొన్నాళ్లు తల్లి పొట్ట కిందే ఉంటాయి. సముద్రంతో దానికి పనిలేదు. మార్కెట్‌లో ఎక్కువ ధర పలికేవి వేరే కుటుంబానివి. ఆ కుటుంబం పేరు పోర్టునిడే, అంటే ఈత పీతలు. వాటి చివరి జత కాళ్లను చూస్తే చాలు, గుర్తుపట్టేయొచ్చు. అవి మొనదేలి ఉండవు, తెడ్డులాగా బల్లపరుపుగా ఉంటాయి. వాటిలో ఎక్కువగా అమ్ముడయ్యే రెండు రకాలకూ పెంకు ముందంచున కళ్లకు రెండు వైపులా తొమ్మిదేసి ముళ్లుంటాయి. తొమ్మిదోది పక్కకు పొడుచుకొచ్చినట్టు బాగా పొడుగ్గా ఉంటే అది నీలి ఈత పీత జాతి, పోర్టునస్. తొమ్మిదీ దాదాపు సమానంగా ఉంటే మడ అడవుల బురద పీత, సిల్లా. హైదరాబాద్‌కు ప్రాణంతో, కాళ్లు కట్టేసి వచ్చేవి ఎక్కువగా ఈ రెండోవి. నీలి పీత నీళ్లు వదిలాక ఎక్కువసేపు బతకదు కాబట్టి ఐసులోనే వస్తుంది.

పేర్ల విషయంలో శాస్త్రవేత్తలే చాలాకాలం తికమక పడ్డారు. ఆస్ట్రేలియా నుంచి పర్షియన్ గల్ఫ్ దాకా దొరికే నీలి పీతను ఒకే జాతిగా, పోర్టునస్ పెలాజికస్‌గా లెక్కించేవారు. 2010లో దాన్ని నాలుగు జాతులుగా విడదీశారు. బంగాళాఖాతం వైపు ఉండే వాటిలో ఒకటి రెటిక్యులేటస్. బురద పీత సంగతీ అంతే. 1998 దాకా అన్నీ సిల్లా సెరాటానే, ఆ తర్వాత నాలుగు జాతులయ్యాయి. పేరు మారితే ఏమవుతుందనుకోవచ్చు. కానీ చెరువు వేసిన రైతుకు ఇది డబ్బు సంగతి. సెరాటా కిలో దాటి పెరుగుతుంది. మన తీరంలోనే దొరికే ఒలివేసియా అంత పెరగదు. వ్యాపారులు మొదటిదాన్ని గ్రీన్ అని, రెండోదాన్ని రెడ్ అని ఎప్పటినుంచో విడిగానే అమ్ముతున్నారు. కాలువల్లో పట్టిన పిల్లలను కొని వదిలే రైతుకు మాత్రం చేతిలో ఉన్నది ఏదో తెలియదు. ఏ దేశపు పరిశోధనలోని కొలతలనైనా మన నీళ్లకు తెచ్చుకునే ముందు, అది మన పీతేనా అని అడగాలి.

మళ్లీ పెంకు దగ్గరికి వద్దాం. పెంకు ఎప్పుడు విప్పాలో నిర్ణయించే యంత్రాంగం పీత కంటి కాడలో ఉంది. అక్కడి ఎక్స్ అవయవం, సైనస్ గ్రంథి కలిసి ఒక హార్మోను విడుదల చేస్తూ ఉంటాయి. దాని పని 'ఇంకా వద్దు' అని ఆపడం. తలభాగంలోని వై అవయవం నిర్మోచనాన్ని నడిపే ఎక్డిస్టెరాయిడ్లను తయారు చేయగలదు, కానీ కంటి కాడ హార్మోను దాన్ని అణచిపెట్టి ఉంచుతుంది. ఆ అణచివేత సడలినప్పుడు ఎక్డిస్టెరాయిడ్లు పెరిగి, పాత పెంకు కింద కొత్తది అల్లుకోవడం మొదలవుతుంది. అండాలు పక్వం కావడాన్ని ఆపే హార్మోను కూడా అదే కాడలో ఉంటుంది. పీతల హార్మోన్ల మీద మన తెలుగు నేలలో మంచి పని జరిగింది. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు పొలం గట్ల పీతనే తీసుకుని కంటి కాడ హార్మోన్ల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. మనం గట్టు మీద చూసి పక్కకు తప్పుకునే ఎండ్రకాయ అక్కడ పాఠం చెప్పిన జీవి.

ఈ జ్ఞానాన్ని హేచరీలు, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను తయారుచేసే కేంద్రాలు, మొరటుగా వాడుకున్నాయి. ఒక కంటి కాడను కోసేస్తే తల్లి త్వరగా గుడ్లు పెడుతుంది. రొయ్యల్లో ఇది మామూలు విషయమైపోయింది, పీతల్లోనూ చేశారు. నాకిది నచ్చదు. తల్లికి మంచి మేత, సరైన ఉప్పదనం, ఇసుక పరుపు, చీకటి ఇస్తే కాడ కోయకుండానే గుడ్లు పెడుతుందని హేచరీల అనుభవమే చెబుతోంది. మన ప్రయత్నమంతా ఆ వైపు ఉండాలి.

జతకట్టడం కూడా పెంకు విప్పే గంటతోనే ముడిపడింది. ఆడ పీత యుక్తవయసు నిర్మోచనానికి సిద్ధమయ్యేసరికి, దాని మూత్రంలోని వాసనను బట్టి మగ పీత పసిగడుతుంది. వచ్చి దాన్ని తన కిందికి లాక్కుని రోజుల తరబడి మోస్తుంది. ఆడది పెంకు విప్పి మెత్తగా ఉన్నప్పుడు జతకడుతుంది, పెంకు గట్టిపడే దాకా కాపలా కాస్తుంది. మెత్తటి పీత అంటే దారిన పోయే ప్రతి జీవికీ ఆహారమే కాబట్టి ఆ కాపలా ప్రాణం నిలిపే సంగతి. అప్పుడు అందిన వీర్యాన్ని ఆడ పీత లోపలి సంచుల్లో దాచుకుని, ఆ ఒక్క కలయికతో ఒకటికంటే ఎక్కువ విడతల గుడ్లను ఫలదీకరించగలదు. ఈ నిర్మోచనం తర్వాతే దాని పొట్ట కింది మడత వెడల్పుగా, గుండ్రంగా మారుతుంది. మగదానికి ఆ మడత సన్నగా, మొనదేలి ఉంటుంది.

గుడ్లు బయటికి వచ్చి ఆ వెడల్పాటి మడత కింది వెంట్రుకలకు గుత్తులుగా అంటుకుంటాయి. మొదట పసుపు, నారింజ రంగు. లోపలి పిండానికి కళ్లు ఏర్పడేకొద్దీ గోధుమ రంగుకు, చివరికి నలుపుకు తిరుగుతాయి. మన వెచ్చటి నీళ్లలో దీనికి వారం నుంచి పన్నెండు రోజులు పడుతుంది. నీలి పీత తల్లి ఒక్కసారికి కొన్ని లక్షలు మొదలుకొని పది లక్షలు దాటి కూడా మోస్తుంది. బురద పీత అంతకంటే ఎక్కువే. గుడ్లు పొదిగే తల్లులు ఉప్పదనం ఎక్కువగా ఉండే నీళ్ల వైపు కదులుతాయి. మడ అడవిలో బతికిన బురద పీత సైతం గుడ్ల కోసం సముద్రంలోకి వెళుతుంది. అందుకే నీళ్లు సముద్రంలో కలిసే మొగను మూసేస్తే, లేదా మొగ దగ్గరే వలలు కట్టేస్తే, ఆ అడవిలోని పీతల కథ అక్కడితో ఆగుతుంది.

పొదిగినప్పుడు బయటికొచ్చేది పీత కాదు. ఒక మిల్లీమీటరు పొడవున, ముళ్లతో, పెద్ద కళ్లతో, తోక ఊపుతూ నీటిలో తేలే జోయియా అనే జీవి. తెలియనివారికి చూపిస్తే దోమ పిల్ల అంటారు గానీ పీత అనరు. నీలి పీతకు జోయియా దశలు నాలుగు, బురద పీతకు ఐదు. ఆ తర్వాత మెగలోపా అనే దశ, అందులో పట్టుకారు కాళ్లూ ఉంటాయి, తోకా ఉంటుంది. దాని తర్వాతే పీత రూపం. ఒక్కో దశ నుంచి ఇంకో దశకు వెళ్లాలంటే ఒక్కో నిర్మోచనం.

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. ఒక్కో నిర్మోచనంలో నూటికి అరవై బతుకుతాయనుకోండి, చెడ్డ లెక్కేమీ కాదు కదా. నీలి పీత పిల్ల కావడానికి ఐదు నిర్మోచనాలు. అరవైలో అరవై శాతం, మళ్లీ అందులో అరవై శాతం, ఇలా ఐదుసార్లు చేస్తే చివరికి నూటికి ఎనిమిది కూడా మిగలవు. ఆరు నిర్మోచనాల బురద పీతకు ఐదు కూడా మిగలవు. అదే ఒక్కో మెట్టులో ఎనభై బతికించగలిగితే నీలి పీతలో ముప్పై మూడు దాకా, బురద పీతలో ఇరవై ఆరు మిగులుతాయి. హేచరీలో ఒక మెట్టు మీద పడే చిన్న దెబ్బ చివరికి ఎంత పెద్దదవుతుందో ఇందులోనే ఉంది. బురద పీత హేచరీల్లో పీత పిల్ల దాకా చేరేది చాలాసార్లు పదో వంతు కూడా ఉండదు.

ఆ మెట్ల మీద చంపుతున్నవి ఏమిటి? మొదటిది తిండి. జోయియాకు పొదిగిన గంటల్లోనే ఆహారం దొరకాలి, అది కదులుతూ, నోట పట్టేంత చిన్నదిగా ఉండాలి. మొదట రోటిఫర్లనే సూక్ష్మజీవులను, తర్వాత ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి పిల్లలను వేస్తారు. కానీ ఆర్టీమియాలో సముద్రపు పిల్లజీవులకు కావాల్సిన కొన్ని కొవ్వు ఆమ్లాలు, ముఖ్యంగా డీహెచ్ఏ, చాలవు. కడుపు నిండినా పోషణ అందదు. ఆ లోటు వెంటనే బయటపడదు. జోయియా చివరి దశ నుంచి మెగలోపాగా మారే గంటలో బయటపడుతుంది. పాత తొడుగులోంచి సగం బయటికి వచ్చి, మిగతా సగం లాగలేక చచ్చిపోతాయి. ఒక్క రాత్రిలో ట్యాంకు అడుగున వేలకు వేలు పడి ఉంటాయి. దీన్ని నిర్మోచన మరణమనే అంటారు. దీనికి మందు ఆ రాత్రి వేసేది కాదు. రెండు వారాల ముందు నుంచి రోటిఫర్లకు, ఆర్టీమియాకు నానోక్లోరోప్సిస్ వంటి సూక్ష్మ శైవలాలను, కొవ్వు ఆమ్లాల ద్రావణాలను తినిపించి, వాటి ద్వారా జోయియాకు అందించడమే. తిండికి తోడు చంపేవి విబ్రియో అనే బ్యాక్టీరియా, గుడ్ల మీద పెరిగే బూజు. ఉప్పదనం వెయ్యికి ముప్పై పాళ్ల చుట్టూ నిలకడగా ఉండాలి, వేడి ఊగిసలాడకూడదు.

ఇవన్నీ దాటితే మెగలోపా, దాంతోపాటు అసలు చిక్కు వస్తుంది. ఇప్పుడు పిల్లకు పట్టుకార్లు వచ్చాయి, పక్కన ఉన్నది పెంకు విప్పి మెత్తగా ఉంది. తినేస్తుంది. తిండి చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. కడుపు నిండా పెట్టినా మెత్తటి తోటి పీత దొరికితే వదలదు. పైగా తిన్నది త్వరగా పెరుగుతుంది, పెరిగినకొద్దీ చిన్నవాటి మీద దానిదే పైచేయి. అందుకే నర్సరీల్లో వలముక్కలు, పైపు ముక్కలు, సముద్రపు నాచు వేలాడదీసి దాక్కునే చోట్లు పెంచుతారు, సైజులవారీగా వేరు చేస్తారు. చెరువులో సాంద్రత తగ్గిస్తారు. రొయ్యతో పోల్చి పీత పెంపకాన్ని అంచనా వేసేవారు ఇక్కడే బోల్తా పడతారు. రొయ్యను ఒక చదరపు మీటరుకు పదుల సంఖ్యలో వేయొచ్చు. బురద పీతకు ఒక్కొక్కదానికీ ఒక చదరపు మీటరు ఇచ్చినా గొడవలు తప్పవు.

ఈ చిక్కును తిరగేసి లాభంగా మార్చుకున్న పద్ధతీ ఉంది. పీతలను ఒక్కొక్కటిగా డబ్బాల్లో పెట్టి, మూడు నాలుగు గంటలకోసారి చూస్తూ, పెంకు విప్పిన వెంటనే తీసేస్తారు. కాల్షియం తక్కువ ఉన్న మంచినీటిలో వేసి గట్టిపడకుండా ఆపి, చల్లబరుస్తారు. మెత్తటి పెంకుతో సహా తినే పీతలు అవే. రాత్రిళ్లు కూడా మనిషి కావాలి కాబట్టి ఖర్చెక్కువ. మన తీరంలో ఎక్కువగా జరిగేది ఇంకా తేలికైన పని, డొల్ల పీతలకు కండ పట్టించడం. లొంగిన పీతలను చవగ్గా కొని, నాలుగు వారాలు చేపల ముక్కలు మేపి, గట్టిపడ్డాక అమ్ముతారు. కృష్ణా జిల్లా నాగాయలంక వైపు ఇలా చేసేవారున్నారు. మొదటి పేరాలో పక్కన పెట్టిన పీత, అక్కడైతే పెట్టుబడి. కానీ కండ పట్టించినంత మాత్రాన పీతల సంఖ్య పెరగదు. అడవి నుంచి తెచ్చిన పీతే, బరువు పెరిగి బయటికి పోతుంది. కాలువల్లోని పిల్లలను ఏరి చెరువులో వేసే పెంపకమూ అంతే. పిల్ల హేచరీ నుంచి రాకపోతే దాన్ని పెంపకం అనడానికి నాకు మనసొప్పదు. అది వాయిదా వేసిన వేట.

హేచరీ పిల్ల మన దేశంలో కల మాత్రమే కాదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడాకు చెందిన రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తమిళనాడు తీరంలో బురద పీత హేచరీని నడిపి, పిల్లలను రైతులకు అమ్ముతోంది, ఆ సాంకేతికతకు పేటెంటు కూడా పొందింది. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ సీబా బురద పీతలను నిర్బంధంలో పిల్లలు పెట్టించింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐకి తమిళనాడులోని మండపంలో ఉన్న కేంద్రం నీలి పీత పిల్లలను తయారుచేసి సముద్రంలో వదిలే పని చేసింది. చైనా మన కంటే చాలా ముందుంది. అక్కడి పోర్టునస్ ట్రైట్యుబర్క్యులేటస్ అనే ఈత పీతను ఏటా లక్ష టన్నుల స్థాయిలో చెరువుల్లోనే పండిస్తారు. అక్కడికి చేరడానికి తల్లి ఎంపిక నుంచి చెరువు అడుగున ఇసుక దాకా దశాబ్దాల పని పట్టింది.

ఆంధ్ర తీరపు రైతుకు పీతతో ఇంకో పాత పేచీ ఉంది. 1990ల మధ్య రొయ్యల చెరువులను తుడిచిపెట్టిన తెల్లమచ్చల వైరస్‌ను పీత మోయగలదు, చాలాసార్లు తాను చావకుండానే. అందుకే చెరువు గట్ల చుట్టూ పీత ఎక్కకుండా క్రాబ్ ఫెన్సింగ్ కడతారు. రొయ్య, పీత పక్కపక్క చెరువుల్లో పెంచాలనుకునేవారు ఈ సంగతి మర్చిపోతే రెండూ పోతాయి.

మరి మన హైదరాబాద్‌కు వీటిలో పాత్ర ఏమిటి? సముద్రం లేని ఈ ఊరిలోనే జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఉంది, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లేవాళ్లకు కనిపించే చేప ఆకారపు భవనం అదే. సముద్రంలో చేపలు ఎక్కడ దొరుకుతాయో ఉపగ్రహాల సాయంతో జాలర్లకు చెప్పే సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నదీ ఇక్కడే. ఆ సూచనలు ఎక్కువగా పైనీళ్లలో గుంపులుగా తిరిగే చేపల కోసం. పగలంతా ఇసుకలో కూరుకుని ఉండే పీత ఉపగ్రహానికి దొరకదు. కానీ వారాల తరబడి ప్రవాహంతో కొట్టుకుపోయే జోయియా ఎక్కడ తేలుతుందో తెలియాలంటే ప్రవాహాల లెక్కలే కావాలి. ఎక్కడ పుట్టిన పిల్ల ఎక్కడ పీతవుతుందో తెలిస్తే, ఏ మొగను కాపాడాలో తెలుస్తుంది. ఈ పనికి హైదరాబాద్‌లో ఉన్నంత నైపుణ్యం తీరంలోని చాలా ఊళ్లలో లేదు.

తెలంగాణ చెరువుల్లో చేప పిల్లలు, మంచినీటి రొయ్య పిల్లలు వదులుతున్నారు కదా, పీతలు కూడా వదలొచ్చు కదా అని అడిగేవారున్నారు. రొయ్యకూ పీతకూ తేడా ఉంది. మంచినీటి రొయ్యకు పిల్లదశలో మాత్రమే ఉప్పునీరు కావాలి, ఆ తర్వాత మంచినీరే దాని ఇల్లు. నీలి పీత జీవితమంతా ఉప్పునీటిదే. బురద పీత ఉప్పదనం తగ్గినా ఓర్చుకుంటుంది, కానీ పూర్తి మంచినీటిలో పెంకు మార్చుకుంటూ పెరగడం దానికి సాధ్యం కాదు. ఉప్పునీటిని కృత్రిమంగా కలిపి, శుద్ధి చేస్తూ, డబ్బాల అరల్లో పెంచే పద్ధతి ఎక్కడైనా నడుస్తుంది. అయితే ఖర్చు లెక్క వేసుకునే ముందు పిల్ల ఎక్కడి నుంచి వస్తుందో అడగండి. అడవి పిల్ల అయితే కథ మళ్లీ మొదటికే.

సముద్రంలో మిగిలిన పీత విషయంలో కొన్ని దేశాలు ముందడుగు వేశాయి. ఇండోనేషియా పది సెంటీమీటర్ల వెడల్పు దాటని నీలి పీతను, గుడ్ల పీతను పట్టకూడదని నిబంధన పెట్టింది. థాయిలాండ్ జాలర్ల ఊళ్లలో పీతల బ్యాంకులున్నాయి. వలలో పడ్డ గుడ్ల పీతను తెచ్చి తొట్టిలో వదులుతారు, గుడ్లు పొదిగి జోయియాలు సముద్రంలోకి వెళ్లాక తల్లిని అమ్ముకోవచ్చు. ఆ జోయియాల్లో ఎన్ని బతుకుతాయో ఇందాకటి లెక్క చెబుతుంది, చాలా తక్కువే. అయినా పది లక్షల్లో కొన్ని మిగలడానికీ, పది లక్షలూ కూరలో పోవడానికీ తేడా ఉంది. మన తీరంలో ప్రతి రేవులో ఒక తొట్టి, నీటికి గాలి అందించే ఒక ఏరేటర్ పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

పొట్ట కింద కనిపించే ప్రతి ముద్దా గుడ్లు కావు, ఇది కూడా చెప్పాలి. సాక్యులినా అనే పరాన్నజీవి పీత లోపల వేళ్లలాగా పాకి, పొట్ట మడత కింద సంచిలా బయటికి వస్తుంది. మగ పీతకు సోకినా దాని మడత ఆడదానిలా వెడల్పవుతుంది, సొంత గుడ్లలాగే ఆ సంచిని కాపాడుతుంది. ఆ పీత ఇక పిల్లలను కనలేదు. నున్నగా ఒకే ముద్దగా ఉంటే సాక్యులినా, నొక్కితే సన్నటి గింజల్లా విడిపోతే గుడ్లు.

మృగశిర కార్తె నాడు రాంనగర్, ముషీరాబాద్ మార్కెట్లలో చేపల కోసం అడుగుపెట్టే సందు ఉండదు. ఆ రద్దీలో పీతల బుట్టల్లో గుడ్ల పీతలు కూడా కనిపిస్తాయి. పసుపు రంగు గుడ్లున్నవి రుచి అని ఎక్కువ ధర చెబుతారు. నల్లగా మారినవాటికి, అంటే ఒకటి రెండు రోజుల్లో పొదగాల్సినవాటికి, ధర తక్కువ. నేను పీత కొనేటప్పుడు వెల్లకిలా తిప్పమని అడుగుతాను. మడత సన్నగా ఉన్న మగవాటిని, పెంకు లొంగనివాటిని ఏరమంటాను. మా పీతలామె ఇప్పుడు నేను అడగకుండానే బుట్టలోంచి గుడ్ల పీతలను పక్కకు తోసేసి, మగవాటిని ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కి చూస్తుంది.